ఫైలుకెక్కిన మాట

నేను పనిచేసిన యూనివర్సిటీలో ఉద్యోగుల కోసం కోచింగ్, మెంటారింగ్ కార్యక్రమం మొదలుపెట్టింది నేనే. ఇప్పుడు దాన్ని చూసుకుంటున్న అమ్మాయి పోయిన నెల, సారం అనే పేటలో ఉన్న మా ఇంటికి వచ్చింది. కొత్తగా ఆ పనిలోకి వచ్చేవాళ్ళకి పంచడానికి నా అనుభవాలు రెండు పేజీలు రాసిమ్మంది. చదివితే ఉత్సాహం రావాలంది. ఇంగ్లీషులో రాసిచ్చాను. అందులో ఒక్క అబద్ధం లేదు. కానీ చెప్పవలసింది కూడా లేదు. అది ఇక్కడ రాస్తున్నాను.

తెలుగులో ఎందుకంటే, పుదుచ్చేరిలో మాలాంటి ఇళ్ళలో తెలుగు మాట్లాడటమే గానీ చదవడం రాదు. మా అమ్మది నెల్లూరు పక్క కాబట్టి పట్టుబట్టి నాకు అక్షరాలు దిద్దించింది. ఆఫీసులో అంతా తమిళం, ఇంగ్లీషు. ముప్ఫై ఏళ్ళు ఇంగ్లీషులో నోట్లు రాశాను. ఆ నోట్లలో ‘విచారించడమైనది’ అని రాస్తాం, ఎవరు విచారించారో రాయం. ఆ భాషలో తప్పు ఒప్పుకోవడం నాకు చేతకాదు. అందుకని మా అమ్మ నేర్పిన అక్షరాల్లో ఒప్పుకుంటున్నాను.

సుబ్బరాయలు సారు

నేను చేరినప్పుడు మా సెక్షన్‌లో హెడ్ క్లర్కు డి. సుబ్బరాయలు గారు. మావాళ్ళే, ఇంట్లో తెలుగే. అందరి ముందూ తమిళంలో తిట్టేవాడు. తర్వాత పక్కకి పిలిచి తెలుగులో పని చెప్పేవాడు. ఆయన తిట్లు ఒక్కటీ గుర్తులేవు నాకు.

చేరిన మూడో నెలలో ఒకే పేరున్న ఇద్దరిలో, ఉద్యోగం రాని మనిషికి అపాయింట్‌మెంట్ ఆర్డరు పంపేశాను. ఇనిషియల్ చూసుకోలేదు. టపా వెళ్ళిపోయాక తెలిసింది. గబగబా సంజాయిషీ రాసుకుని ఆయన బల్ల దగ్గరికి వెళ్ళాను. ఆయన ఆ కాగితం ముట్టుకోలేదు.

“అది లోపల పెట్టు. నోటితో చెప్పు మా, ఏంది జరిగింది?” అన్నాడు.

చెప్పాను. అంతా విని, సైకిలు తీసుకుని పోస్టాఫీసుకి వెళ్ళాడు. టపా సంచీ ఇంకా కదలలేదు. ఎవరిని బతిమాలుకున్నాడో, గంటలో కవరుతో తిరిగొచ్చాడు.

“ఇకమీద ఇనిషియల్ మీద వేలు పెట్టి చదువు,” అన్నాడు. అంతకు మించి ఒక్క మాట అనలేదు. ఆ రోజే కాదు, ఆయన రిటైరయ్యేదాకా ఆ ఊసు ఎత్తలేదు. ఆ సంజాయిషీ ఫైల్లో చేరి ఉంటే, ప్రొబేషన్‌లో ఉన్న నన్ను ఇంటికి పంపేవాళ్ళు. ఇప్పటికీ కరెంటు బిల్లు మీద పేరు కూడా వేలు పెట్టే చదువుతాను.

గడి నింపడం

నా ఉద్యోగం చివరి దశలో, యూనివర్సిటీకి గ్రేడు ఇచ్చే బృందం వస్తుందని హడావిడి మొదలైంది. వాళ్ళు పంపిన ప్రశ్నల పట్టీలో ‘ఉద్యోగులకు మెంటారింగ్ ఉందా?’ అని ఒక గడి. అది నింపాలని రిజిస్ట్రార్ నన్ను పిలిచాడు. అప్పటికి నేను అసిస్టెంట్ రిజిస్ట్రార్‌ని. గడి కోసమే అడుగుతున్నాడని తెలుసు. కానీ నాకు సుబ్బరాయలు సారు గుర్తొచ్చాడు. కొత్తగా చేరిన ప్రతివాళ్ళకీ అలాంటి మనిషి ఒకరు దొరికేటట్టు చేయవచ్చు కదా అనిపించింది. ఈ ఆశే నన్ను ముంచింది. గడి నింపి ఊరుకుని ఉంటే ఎవరికీ ఏ నష్టం లేకపోయేది.

మొదటి సమావేశానికి సగం మంది పోటీ పరీక్షల కోచింగ్ అనుకుని నోటుబుక్కులతో వచ్చారు. ఒక అటెండరు గైడు ఎప్పుడిస్తారని అడిగాడు. సీనియర్లయితే, మాకెవరు నేర్పించారని వీళ్ళకి మేం నేర్పాలి అని ముఖం మాడ్చుకున్నారు. అయినా ఒక్కొక్కరినీ కాళ్ళా వేళ్ళా పడి ఒప్పించాను. చిన్నవాళ్ళకి వాళ్ళ సెక్షన్ పెద్ద కాకుండా వేరే సెక్షన్ సీనియర్‌ని జత చేశాను, తమ పైవాళ్ళ గురించి కూడా భయం లేకుండా మాట్లాడుకోవాలని. నెలకు రెండుసార్లు క్యాంటీన్ వరండాలో టీ తాగుతూ మాట్లాడుకోవాలి. ఇక్కడ చెప్పుకున్నది ఇక్కడే ఉంటుందని తమిళంలో, ఇంగ్లీషులో, తెలుగులో నా నోటితో నేనే చెప్పాను.

చెప్పి, ఫారం ఒకటి తయారుచేశాను. ప్రతి సమావేశం తర్వాత సీనియర్ అర పేజీ రాసి నాకు పంపాలి: ఏం మాట్లాడుకున్నారు, చిన్నవాళ్ళ ఇబ్బంది ఏమిటి, మీ అభిప్రాయం ఏమిటి. అవన్నీ ఒక ఫైల్లో పెట్టి, ఎర్ర సిరాతో పేజీలకు నంబర్లు వేశాను.

ఇది ఎవరూ అడగలేదు. రిజిస్ట్రార్ అడగలేదు, గ్రేడు బృందానికి హాజరు పట్టీ చాలు. మా ఆఫీసులో కాగితం లేకపోతే ఆ పని జరగనట్టే. ఫైలు తెరవకుండా ఏ పనీ మొదలుపెట్టడం నాకు తెలియదు. ఫైలంటూ పుట్టాక దాన్ని పైవాళ్ళు ఎవరైనా తెప్పించుకోవచ్చని కూడా తెలుసు. ఆ రెండు సంగతులనీ నేను ఒకచోట పెట్టి ఆలోచించలేదు.

సుమతి

జి. సుమతి పరీక్షల విభాగంలో కంప్యూటర్‌లో మార్కులు ఎక్కించేది. రోజు కూలి మీద చేరి ఆరేళ్ళయింది. ఆమె భర్త తేంగాయితిట్టు హార్బర్ నుంచి చేపల లోడు వ్యాను నడుపుతాడు. పడవలు రాని రోజు పని లేదు. వాళ్ళకి ఒక పాప. సుమతి పర్మినెంటు అయితే ఆ ఇల్లు నిలబడుతుంది, లేకపోతే లేదు.

సమావేశంలో వెనక వరసలో కూర్చుని, పేరు ఇవ్వకుండా వెళ్ళిపోతుంటే ఆపాను. అంతకుముందే ఆమె ఫోనులో ఎవరితోనో తెలుగు మాట్లాడటం విన్నాను.

“మీది యాడ మా?” అన్నాను.

తలెత్తి చూసింది. “మీరు తెలుగా అక్కా? ఇన్నేండ్లు నాకు తెలీలా.”

“దీంట్లో చేరు. గణేశన్ గారని లైబ్రరీలో ఉండారు, ఆయన్ని నీకు పెడతా. మనసులో ఉండేది చెప్పుకోవచ్చు.”

“చెప్పుకుంటే ఏమన్నా అవతాదా అక్కా? నేనింకా పర్మినెంటు కాలా.”

“ఏం కాదు. నేనుండా గదా.”

“మీరు చెప్తే సరి,” అంది.

గణేశన్ గారు రిటైర్‌మెంటుకు దగ్గరపడిన మనిషి. మితభాషి, ఎదుటివాళ్ళు మాట్లాడుతుంటే కళ్ళజోడు తీసి చేతిలో పట్టుకుని వినేవాడు. నాలుగైదుసార్లు కలిశాక సుమతి ఆయనకు ఒక సంగతి చెప్పింది. ఒక పరీక్షలో, ఒక పేపరు మార్కుల కట్టను పొరపాటున ఇంకో పేపరు గడిలో ఎక్కించింది. మరునాడు తనే గమనించింది. అప్పటికి ఫలితాలు బయటికి రాలేదు. దిద్దాలంటే సూపరింటెండెంట్ పాస్‌వర్డ్ కావాలి, ఆయన సెలవులో ఉన్నాడు. ఆ పాస్‌వర్డ్ చీటీ ఆయన సొరుగు లోపలే అంటించి ఉండేది, సెక్షన్‌లో అందరూ వాడేవాళ్ళు. ఆయనే వాడమనేవాడు. సుమతి కూడా వాడి, మార్కులన్నీ సరిచేసింది. ఏ విద్యార్థికీ నష్టం జరగలేదు, ఎవరికీ తెలియలేదు. కానీ రెండేళ్ళుగా ఆ అమ్మాయి ప్రతి కట్టనీ మూడుసార్లు సరిచూసుకుంటూ, ఇంటికి వెళ్ళాక కూడా అన్నం సయించక బాధపడుతోంది. గణేశన్ గారికి చెప్పాక ఏడ్చిందట.

గణేశన్ గారు అదంతా ఫారంలో రాశాడు. ఆయన దస్తూరి ముత్యాల్లా ఉంటుంది. చివర ఇలా రాశాడు: ‘తన తప్పును తానే కనిపెట్టి, తానే దిద్దుకుని, ఎవరూ అడగకుండానే చెప్పింది. ఇంత నిజాయితీ గల ఉద్యోగి ఏ ఆఫీసుకైనా అదృష్టం.’

ఆ నెలలో సుమతి మెట్ల మీద నాకు ఎదురై, “ఇప్పుడు నిద్ర పడతా ఉండాది అక్కా,” అంది. ఇంటికి వెళ్ళి మా ఆయనతో చెప్పుకుని పొంగిపోయాను. నా ఉద్యోగంలో నేను చేసిన ఒకే ఒక్క మంచి పని ఇదేనని ఆయనతో అన్నాను.

గులాబీ రంగు చీటీ

గ్రేడు బృందం వచ్చింది, మెచ్చుకుంది, వెళ్ళింది. కొన్నాళ్ళకు రోజు కూలి వాళ్ళలో కొందరిని పర్మినెంటు చేసే జాబితా తయారైంది. అందులో సుమతి పేరు ఉంది. ఒకరోజు పొద్దున రిజిస్ట్రార్ ఫోను చేసి, “జాబితాలో ఉన్నవాళ్ళ గురించి మెంటర్లు ఏం రాశారో చూస్తే మంచిది, ఆ ఫైలు మధ్యాహ్నానికి పంపండి,” అన్నాడు.

నా ముందు ఒక పూట ఉంది. ఫైల్లో ఏ పేజీలో ఏముందో నాకు కంఠతా వచ్చు. మాట ఇచ్చాను, పంపను అని చెప్పవచ్చు. చెబితే ఏం చేసేవాడు? నా మీద కోప్పడేవాడు, ఉద్యోగం తీసేవాడు కాదు. ఆ పేజీ ఒక్కటి తీసి దాచవచ్చు. కానీ పేజీలకు నంబర్లు వేసింది నేనే, ఒక నంబరు తప్పిపోతే అడుగుతారు. నా జన్మలో ఫైల్లోంచి పేజీ తీయలేదు. అదొక గొప్పగా చెప్పుకునేదాన్ని కూడా.

ఇంతటితో ఆగి ఉంటే పిరికితనం అని సరిపెట్టుకునేదాన్ని. ఆగలేదు. మా ఆఫీసుల్లో పై అధికారి తప్పక చూడవలసిన పేజీకి అంచున చిన్న రంగు చీటీ అంటిస్తాం. లావుపాటి ఫైలు ఆయన ఎక్కడ చదువుతాడు, గణేశన్ గారు రాసిన ఆ మంచిమాట కనపడకుండా పోతుందేమో అనుకున్నాను. గులాబీ రంగు చీటీ ఒకటి తీసి సుమతి పేజీకి అంటించాను. దాని మీద ‘దయచేసి చూడగలరు’ అని ఇంగ్లీషులో నా చేత్తో రాశాను. ఆ అమ్మాయికి మేలు చేస్తున్నానని నిజంగా నమ్మాను. అదే ఈ రోజుకీ నన్ను తినేస్తున్నది.

రిజిస్ట్రార్ సరిగ్గా ఆ పేజీయే తెరిచాడు. ఆయన చెడ్డవాడు కాదు. గదిలో కుండీల్లో మొక్కలు పెంచుకునే మనిషి, ఎవరినీ ఏకవచనంలో పిలవడు. ఆయన కళ్ళకు మాత్రం ఆ పేజీలో రెండే కనపడ్డాయి: మార్కులు మార్చారు, అధికారి పాస్‌వర్డ్ వాడారు. సూపరింటెండెంట్‌ని పిలిచాడు. పాస్‌వర్డ్ చీటీ సొరుగులో అంటించుకున్నది బయటపడితే తన మెడకు చుట్టుకుంటుందని ఆయన హడలిపోయి, నాకు తెలియకుండా వాడింది అన్నాడు. సుమతిని పిలిచి, పేజీ చూపించి, ఇది నిజమా అని అడిగారు. నిజమే అంది. జాబితాలో ఆమె పేరు కొట్టేశారు. నెలాఖరుకు పనిలోంచి కూడా తీసేశారు.

నేను రిజిస్ట్రార్ గదికి వెళ్ళి నిలబడ్డాను. గణేశన్ గారి అభిప్రాయం ఇంకోసారి చదవమన్నాను. ఆయన చాలా మర్యాదగా, “మీ కార్యక్రమం లేకపోతే మనకు ఈ సంగతి తెలిసేదే కాదు మేడమ్. చాలా ఉపయోగపడింది,” అన్నాడు. తిరిగొచ్చి నా కుర్చీలో కూర్చున్నాను. ఉద్యోగం వదిలేద్దామనుకున్నాను. వదల్లేదు.

రెండు ప్రశ్నలు

పని పోయిన మరునాడు సుమతి నా గదికి వచ్చింది. కూర్చోమన్నా కూర్చోలేదు.

“గణేశన్ సార్ పోయి ఆ పేజీ ఇచ్చినాడా అక్కా?”

“లేదు. ఆయన వాళ్ళకి ఇయ్యలా.”

“మరి వాళ్ళ చేతికి ఎట్లా పోయె?”

“ఫారంలో రాసినారు మా. ప్రతిదీ రాసి పెట్టమని నేనే చెప్పినా.”

నెమ్మదిగా, “మాట్లాడుకునేదానికి గదా పిలిస్తిరి. రాసేది ఎందుకు?” అంది.

ముప్ఫై ఏళ్ళ సర్వీసులో నన్ను ఎవరూ అడగని ప్రశ్న అది. నేను బల్ల మీది పేపర్ వెయిట్ వైపు చూస్తూ కూర్చున్నాను.

“ఇంకొకటి అడగతా. అంత లావు ఫైలు గదా. దాంట్లో నా పేజీ వాళ్ళకి ఎట్లా దొరికె?”

“తెలీదు మా,” అన్నాను. “తిరగేస్తా ఉంటే కనపడినట్టుండాది.”

నా ముఖంలోకి చాలాసేపు చూసింది. కోపంగా కాదు. ఇంకేదో చెబుతానని ఎదురుచూస్తున్నట్టు చూసింది. నేను చెప్పలేదు.

“సరి మేడమ్. వస్తా,” అని వెళ్ళిపోయింది.

అక్కా అనడం మానేసిందని ఆమె మెట్లు దిగాక తట్టింది. బాధలో అలా అన్నదనుకున్నాను.

గణేశన్ గారు వారం తర్వాత వచ్చాడు. “మీరు రాయమన్నారు, రాశాను. ఆ పిల్లకి మంచి జరుగుతుందనే రాశాను మేడమ్,” అన్నాడు తమిళంలో. నేను చేసిన పని గురించి ఆయనకూ చెప్పలేదు. ఆ తర్వాత ఆయన ఎవరికీ మెంటర్‌గా ఉండటానికి ఒప్పుకోలేదు. రిటైరయ్యే రోజు వీడ్కోలు సభ వద్దని, లైబ్రరీ తాళాలు అప్పగించి మధ్యాహ్నమే ఇంటికి వెళ్ళిపోయాడు.

మీకు చెప్పేది

ఈ పనిలోకి కొత్తగా వస్తున్న పిల్లలూ, మీకు నేను చెప్పగలిగింది చాలా తక్కువ. మాట్లాడుకున్నది రాయించకండి. ఎవరు ఎవరిని ఎప్పుడు కలిశారో రాసుకుంటే సరిపోతుంది. అంతకు మించి పైనుంచి అడిగితే, లేదు అని చెప్పగలిగే ధైర్యం మీకుందో లేదో ముందే చూసుకోండి. లేకపోతే ఈ కార్యక్రమం పెట్టకండి. రోజు కూలి మీద ఉన్న మనిషిని, నీ మనసులోది చెప్పు, ఏం కాదు అనకండి. ఏం కాకుండా చూసే శక్తి మీకు ఉండదు.

మీరు వినరని తెలుసు. మొన్న వచ్చిన అమ్మాయి తన ఫోనులో చూపించింది. ఇప్పుడు ఫారాలు కాగితం మీద లేవట, అంతా ఆన్‌లైనేనట. ఏ చిన్న ఉద్యోగి ఏం చెప్పుకున్నాడో రిజిస్ట్రార్ తన గదిలోంచే చూడవచ్చట. చీటీ అంటించే పని కూడా లేదు, పేరు కొడితే వచ్చేస్తుంది. చాలా సులభమైంది మేడమ్, మీ రోజుల్లో ఎంత కష్టపడ్డారో అని జాలిపడింది. ఆ అమ్మాయికి ఇదంతా చెబుదామని నోటిదాకా వచ్చింది. కాఫీ కలిపిచ్చి పంపించాను. నేను ఎప్పుడూ ఇంతే.

సుబ్బరాయలు సారును తలుచుకుని నేను పెట్టిన కార్యక్రమం అది. ఆయన నాకు చేసిన మేలంతా నా తప్పును కాగితం మీద పెట్టకపోవడంలోనే ఉంది. ఆ ఒక్కటి తప్ప ఆయనలో మిగతా అన్నీ గుర్తుపెట్టుకున్నాను.

లాస్‌పేటలో

పెన్షన్‌దారులు ఏడాదికోసారి, బతికే ఉన్నామని సర్టిఫికెట్ ఇవ్వాలి. దానికి జెరాక్స్ కావలసి, ఈ మధ్య లాస్‌పేటలో కాలేజీ ఎదురుగా ఉన్న కొట్టుకు వెళ్ళాను. నిజం చెప్పాలంటే సారంలోనే జెరాక్స్ కొట్లు బోలెడు ఉన్నాయి. సుమతి అక్కడ పనిచేస్తోందని ఎవరో చెబితే వెళ్ళాను. ఆ చీటీ సంగతి చెప్పేయాలని బస్సులో దారి పొడుగునా మాటలు కూర్చుకున్నాను.

మిషను పక్కన నిలబడి పిల్లల రికార్డులు కాపీ తీస్తోంది. కొంచెం చిక్కింది. నన్ను చూసి గుర్తుపట్టింది. పిల్లలు వెళ్ళేదాకా ఆగాను.

“సుమతీ, ఎట్లుండావు మా?”

“బాగున్నాను మేడమ్. ఏం కావాలి?” అంది తమిళంలో.

కాగితం ఇచ్చాను. ఆమె మిషను మూత ఎత్తుతుంటే, ఇంక ఆగితే చెప్పలేనని తెలుగులోనే చెప్పేశాను. “ఆ ఫైల్లో నీ పేజీ వాళ్ళకి వెతుక్కుంటే దొరకలా. నేనే చీటీ పెట్టి పంపినా. నీకు మంచి జరగతాదని పెట్టినా. ఆ పొద్దు నువ్వు అడిగితే తెలీదని అబద్ధం చెప్పినా.”

మూత దించి బటన్ నొక్కింది. వెలుగు ఆ కొస నుంచి ఈ కొసకు వెళ్ళింది.

“తెలుసు మేడమ్,” అంది, తమిళంలోనే. “రిజిస్ట్రార్ సార్ గదిలో పేజీ చూపించినప్పుడే చీటీ చూశాను. మీ చేతిరాత నాకు తెలియదా? మీరే చెబుతారని ఆ రోజు వచ్చాను.”

నా వెనక ఇంకో పిల్ల రికార్డు పట్టుకుని వచ్చి నిలబడింది.

సుమతి వేడిగా ఉన్న కాపీని, నేనిచ్చిన కాగితాన్ని సమంగా సర్ది నా చేతికిచ్చింది.

“ఇంకో కాపీ కావాలా మేడమ్?” అంది.